చెట్టు కట్టుకున్న కట్టు

నీ ఒంట్లో పరిమళం లేదు. నిన్ను పొగడబోయే ముందే ఆ సంగతి చెప్పెయ్యాలి, సాంబ్రాణి తల్లీ. మంచిగంధం చెట్టు చేవలో వాసన దాచుకుంటుంది. కరివేపాకు రెబ్బ తుంచితే చాలు, వేళ్ళను పట్టుకుని వదలదు. నువ్వలా కాదు. గాటు పడని నీ మాను నరికి చూస్తే ఉత్త చెక్కే, బెరడు ఒలిచి చూస్తే ఉత్త బెరడే. మా బాలింతల గదుల్నీ శుక్రవారపు సాయంకాలాల్నీ నింపే ఆ వాసన నీకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎవరో వచ్చి నీ బెరడులోకి ఇనుము దింపుతారు. అప్పుడు ఆ గాయం చుట్టూ ఉన్న కణాలు కొత్త పనికి పూనుకుంటాయి. అంతదాకా లేని చిన్న చిన్న అరలు ఏర్పడతాయి, వాటిలో తెల్లటి జిగురు ఊరుతుంది. తడి చొరకుండా, బూజు పట్టకుండా, పురుగు తొలచకుండా గాటు నోరు మూసుకుపోతుంది. అది నువ్వు నీ కోసం నూరుకున్న మందు, నీ ఒంటికి నువ్వే కట్టుకున్న కట్టు.

ఆ కట్టునే మేం విప్పుకొచ్చి మా పుండ్లకు వేసుకున్నాం, మా దగ్గుకు ఆవిరి పట్టుకున్నాం, మా దేవుళ్ళ ముందు కాల్చుకున్నాం. నీ దగ్గర అది ఏ పని చేసిందో మా దగ్గరా అదే పని చేసింది. గాయం మూసింది, కుళ్ళు ఆపింది. నిన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ ఒక్క సంగతే మళ్ళీ మళ్ళీ ఆశ్చర్యం.

నీ ఊరు సుమత్రా. అందులోనూ ఉత్తరాన, తోబా సరస్సుకు దక్షిణంగా, పడమరగా పరుచుకున్న చల్లటి కొండసీమ. హుంబాంగ్ మెట్ట, తపనూలి లోయలు. అక్కడి వర్షారణ్యంలో నువ్వు ఒంటరిగా ఉండవు. నీకంటే ఎత్తయిన చెట్ల కింద, నాచు పట్టిన మానుతో, పక్కనున్న పదిమందిలో ఒకతెగా కలిసిపోయి ఉంటావు. పొద్దు వాలకముందే మబ్బు దిగే చోటు. లావోస్ కొండల్లో నీ చెల్లెలొకతె ఉంది. ఆమె జిగురులో వనిల్లా వాసన పాలు ఎక్కువ, ధరా ఎక్కువ. అత్తరు వ్యాపారులు ఆమెనే అడుగుతారు. అడగనీ. నేను పొగిడేది నిన్ను.

నీ కాళ్ళ కింది నేల సంగతి ఒకటి ఉంది, అది మాకూ సంబంధించిందే. ఆ సరస్సు ఒకప్పటి అగ్నిపర్వతం నోరు. సుమారు 74,000 ఏళ్ళ కిందట అది బద్దలైనప్పుడు లేచిన బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి మా మీద కురిసింది. నంద్యాల జిల్లాలో, యాగంటికి చేరువగా, జుర్రేరు లోయలో జ్వాలాపురం అని ఒక పల్లె. అక్కడ నేలను నిలువునా కోసి చూస్తే ఎర్రమట్టికి మధ్య తెల్లగా, పట్టుకుంటే పిండిగా రాలే పొర కనిపిస్తుంది. అది మీ తోబా బూడిదే. ఆ పొరకు కిందా దొరికాయి, పైనా దొరికాయి రాతి పనిముట్లు. అంటే ఆ బూడిద వాన ముందూ తరవాతా అక్కడ మనుషులు ఉన్నారు. నువ్వు వేళ్ళు దింపిన నేలా, జ్వాలాపురం గోతుల్లో తెల్లబడ్డ నేలా ఒకే పొయ్యిలోంచి వచ్చాయి. మా ఇళ్ళకు నీ పొగ రాకముందే మీ కొండ బూడిద వచ్చిందన్నమాట.

అక్కడి బతక్ జనం నిన్ను హమింజొన్ అంటారు. వాళ్ళ కథలో నువ్వొక ఆడపిల్లవి. ఇంట్లో లేమి, నెత్తిమీద అప్పు, ఇష్టంలేని పెళ్ళి. తప్పించుకుని అడవిలోకి పరుగెత్తావు, అక్కడే చెట్టువై నిలిచిపోయావు. వెతుక్కుంటూ వచ్చిన కన్నవాళ్ళ ముందు నీ ఒంటి మీంచి కన్నీళ్ళు జారి గడ్డకట్టాయి. ఊరికొక తీరుగా చెబుతారట ఈ కథను. పేరంటాళ్ళ గుడులున్న పల్లెల్లో పెరిగినవాళ్ళం మేం. బతికుండగా చోటు ఇవ్వని ఆడపిల్లకు పోయాక పసుపు కుంకుమలు పెట్టడం మాకు బాగా తెలుసు. మీ కథ మాకు పరాయిగా అనిపించదు.

కథ నమ్మినవాడు చెట్టు దగ్గరికి ఎలా వెళ్తాడో చూడాలి. పని మొదలుపెట్టే రోజున ఇటాక్ గుర్‌గుర్ చేసుకుని తెస్తారు. బియ్యప్పిండిలో కొబ్బరి కోరు, తీపి కలిపి గుప్పిట్లో గట్టిగా నొక్కితే ముద్ద మీద నాలుగు వేళ్ళ అచ్చూ అలాగే నిలుస్తుంది. మా చలిమిడికి సొంత అక్కచెల్లెలు. అది నీకు పెట్టి, తాము తిని, నీతో నాలుగు మంచి మాటలాడి అప్పుడు పనిముట్టు తీస్తారు. మనసులో కల్మషం పెట్టుకుని వస్తే నువ్వు ఇవ్వవని వాళ్ళ నమ్మకం.

ముందు నీ మాను మీది నాచునూ పెళుసు బెరడునూ గీకి నున్న చేస్తారు. పొట్టి కర్రకు కట్టిన తాడును మానుకు చుట్టి, ఆ కర్ర మీద కాలు మోపి పైకి పోతారు. చేతిలో చిన్న ఇనప పనిముట్టు. దాని మొనతో బెరడును కాస్త ఎత్తి, చెక్క తగిలేదాకా గాటు పెట్టి, మళ్ళీ బెరడును యథాప్రకారం అదిమి, అదే పనిముట్టు పిడితో గాటు చుట్టూ తట్టుతారు. టక్, టక్, టక్. ఒక గాటు అయ్యాక పక్కనే ఇంకోటి, ఆపైన జానెడు ఎత్తున మరోటి. ఇక్కడే ఉంది నేర్పంతా. మొన ఎక్కువ దిగితే నువ్వు చిక్కిపోతావు, పైపైన గీస్తే నువ్వు పట్టించుకోవు. నువ్వు మందు వెయ్యవలసినంత గాయం చెయ్యాలి గానీ నువ్వు కోలుకోలేనంత చెయ్యకూడదు. తండ్రి చేతిని చూసి కొడుకు నేర్చుకునే కొలత అది, పుస్తకంలో రాస్తే పట్టుబడదు.

తరవాత ఎదురుచూపు. మూడు నాలుగు నెలలు. బెరడుకూ చెక్కకూ నడుమ నీ జిగురు ఊరి, నిలిచి, గట్టిపడుతుంది. అప్పుడు మళ్ళీ తాడు వేసుకుని ఎక్కుతారు. మొదట ఊడివచ్చేది బెరడు పెచ్చుకు అంటుకున్న తెల్లటి బిళ్ళ, అన్నిటికంటే మేలుది. కొన్నాళ్ళకు అదే గాటు నుంచి జారింది గీరుకుంటారు, అది పచ్చబారి ఉంటుంది. ఆ తరవాత మిగిలింది ముదురు రంగు, తక్కువ ధర. బాగా చూసుకుంటే ఒక్కో చెట్టు దశాబ్దాల పాటు ఇస్తుంది. మానంతా పాత గాట్ల మచ్చలతో ఉంటుంది, అయినా నిలబడే ఉంటుంది.

గాయం చెయ్యడానికి ఇంత మర్యాదేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రాదు. తీసుకునేవాడు ముందు పెట్టి తీసుకోవడం, ఎంతవరకు తీసుకోవాలో చేతికి తెలిసి ఉండడం, ఇవి మూఢనమ్మకాలైతే అలాంటివి ఇంకొన్ని ఉండాలంటాను.

కొండ దిగిన నీ జిగురు డోలోక్ సంగ్గుల్ సంతకు చేరుతుంది. పూర్వం పడమటి తీరాన బారుస్ రేవుకు చేరేది. బారుస్ అంటే కర్పూరం, బారుస్ అంటే నువ్వు. ఆ రేవు పక్కనే లోబు తువా అనే చోట ఒక తమిళ శాసనం దొరికింది. క్రీ.శ. 1088 నాటిది. వేయించిన వర్తక సంఘం పేరు ఐనూరువర్, అంటే ఐదువందలవారు. కన్నడ సీమ ఐహొళెలో పుట్టి దక్షిణాదంతా, తెలుగు నేల మీద కూడా, వ్యాపారం సాగించిన సంఘమే అది. బియ్యప్పిండి ముద్ద పెట్టి నీ జిగురు తీసే కొండవాళ్ళకూ, బియ్యప్పిండితో ముగ్గు పెట్టి నీ పొగ వేసుకునే మాకూ నడుమ ఓడ నడిపింది వాళ్ళలాంటివాళ్ళే. మా వైపున మోటుపల్లి రేవు ఉండేది. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారట. తాను అలా చెయ్యనని, సుంకం మాత్రమే పుచ్చుకుంటానని మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టీలో గంధం ఉంది, కర్పూరం ఉంది. వాసనల కోసం సముద్రం దాటడం మాకు ఏనాటిదో అది చదివితే తెలుస్తుంది. ఆ మరుసటి శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా సుమత్రా దిగి, నిన్నూ కర్పూరాన్నీ చూసి రాసుకున్నాడు.

ఇక మా ఇంటికి రా.

తలంటి పోసిన బాలింత. ఒంటికి నలుగు, నెత్తికి కుంకుడుకాయ రసం, పైన నులివెచ్చటి నీళ్ళు కాదు, ఒళ్ళు పొగలు కక్కే నీళ్ళు. తడి తలకు పాత చీర ముక్క చుట్టుకుని వచ్చి కూర్చుంటుంది. పొయ్యిలోంచి నాలుగు నిప్పులు మూకుట్లోకి తీసి, పైన నిన్ను చిదిమి చల్లి, వెదురు బుట్ట బోర్లిస్తారు. ఆ బుట్ట మీద జుట్టు పరుస్తుంది. వెదురు సందుల్లోంచి పొగ పాయలు పాయలుగా లేచి, తడి కురుల్లోకి దూరి, పైన మళ్ళీ ఒక్కటై పోతుంది. “కళ్ళు మూసుకోవే, మండుతాయి” అంటుంది తల్లి. “తల ఇటు వంచు. మాడు దగ్గర ఇంకా తడే ఉంది.” తడి తలతో ఉంటే జలుబు చేసి పసిదానికి తగులుతుందని ఆవిడ భయం. జావాలోనూ ఆడవాళ్ళు నిన్ను మరికొన్ని వేళ్ళతో, పూలతో కలిపి నిప్పు మీద వేసి ఇదే తీరుగా జుట్టు ఆరబెట్టుకునేవాళ్ళు. ఎవరు ఎవరికి నేర్పారో గానీ, తడిజుట్టున్న ప్రతిచోటా నీకు పనుంది.

నిన్ను నిప్పు మీద ఉండగా దగ్గరగా చూడాలి. కొట్లో కొన్న గడ్డ విరిస్తే లోపల ముదురు గోధుమ రంగు ముద్దలో బాదంపప్పంత తెల్లటి పలుకులు పొదిగి ఉంటాయి. తెలుపు నీ తొలి జిగురు, గోధుమ రంగు తరవాతిది. నిప్పు మీద పెట్టగానే పొగ రాదు. ముందు అంచులు మెత్తబడతాయి, పలుకు తన ఆకారం వదిలేసి పక్కకు ఒరుగుతుంది, సన్నగా బుడగలు లేస్తాయి. అప్పుడు వస్తుంది పొగ, నీలం కాదు, చిక్కటి తెలుపు. మొదటి వాసన తీపి. రెండో ఊపిరికి గొంతులో చిన్న గర. ఆ గర బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాలది. గాటు దగ్గర బూజును రానివ్వనివి అవే.

గుగ్గిలం మా కొండల్లోని చెట్లది. బోనాల నాడు అమ్మవారి ముందు లేచే మైసాక్షి పొగ పొడినేలల ముళ్ళచెట్టుది. నువ్వొక్కదానివే సముద్రం మీద వచ్చినదానివి. ధూపపు మూకుట్లో పడ్డాక ఎవరిది ఏ ఊరో మేం అడగం. తెలంగాణలో అందరికీ కలిపి ఊదు అనేస్తారు. హైదరాబాదు పాతబస్తీలో దుకాణాలు తెరిచే వేళకు లోబాన్ పేరుతో నిన్ను పట్టుకుని ఫకీరు వస్తాడు. గల్లాపెట్టె మీదుగా, తూకం రాళ్ళ మీదుగా, గుడ్డల తానుల మీదుగా నిన్ను ఊపుతాడు. గుళ్ళోనూ నువ్వే, దర్గాలోనూ నువ్వే, చర్చి ధూపంలోనూ నువ్వు కలుస్తావు.

చార్మినార్ పక్కనే యునాని ఆసుపత్రి ఉంది. ఆ వైద్యంలో నీది గౌరవమైన చోటు. కఫం తెంచడానికి, ఆయాసానికి నిన్ను వాడతారు. వాళ్ళు నీలోంచి తీసే సారాన్ని జౌహరె లోబాన్ అంటారు. అది తీసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. కుండలో నిన్ను దంచి వేసి, పైన ఇంకో కుండ బోర్లించి, అతుకు సందు మూసి, కింద సన్నటి సెగ పెడతారు. నీలోని బెంజోయిక్ ఆమ్లం ఆవిరై పైకి లేచి, చల్లటి పైకుండ లోపలి గోడకు సూదుల్లా పట్టుకుంటుంది. చల్లారాక కుండ తిరగేస్తే తెల్లటి పూత. ఈకతో దులుపుకుంటే సరి. ఐరోపా మందుల కొట్లలో కూడా ఇలాగే తీసి సాంబ్రాణి పూలు అన్నారు. ఆ పూలలోని ఆమ్లాన్నే 1832లో లీబిగ్, వోలర్ అనే జర్మను రసాయనికులు పరీక్షించి అందులో ఏ మూలకం ఎంతుందో తేల్చారు. మరుసటి ఏడే మిట్‌షర్లిక్ అనే ఇంకో జర్మను శాస్త్రవేత్త ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి కాల్చి బెంజీన్ రాబట్టాడు. రంగులు, మందులు, ప్లాస్టిక్కులు, ఇవాళ్టి రసాయన పరిశ్రమలో ఎన్నిటికో మూలమైన ఆ పదార్థం బెంజాయిన్ అనే నీ ఇంగ్లీషు ఇంటిపేరుతోనే తిరుగుతోంది. పచ్చడి సీసా లేబులు మీద 211 అంకె కనిపిస్తే అది సోడియం బెంజోయేట్. అది ఫ్యాక్టరీలో పుట్టిందే, నీ ఒంట్లోంచి వచ్చింది కాదు. అయినా బూజును రానివ్వని ఆ విద్య మాత్రం నీదే.

ఆసుపత్రిలో నిన్ను గుర్తుపట్టేది నర్సమ్మలు. డ్రెస్సింగు బల్ల మీద గోధుమ రంగు సీసా, టింక్చర్ బెంజాయిన్. నడుములోంచి నీరు తీసిన చోట, ఎముకలోంచి మజ్జ తీసిన చోట సూది రంధ్రం మీద నీ సారాయి ద్రావణంలో తడిపిన దూది ముక్క అదిమిపెడతారు. సారాయి ఆరిపోతుంది, దూది నీ జిగురుతో చర్మానికి కరుచుకుంటుంది. “సీల్ వేశాం, రేపటిదాకా తడపకండి” అంటారు. ఏ పేషెంటూ అడగడు, ఏ నర్సూ చెప్పదు, తోబా కొండల్లో ఒక చెట్టు తన గాటును ఇలాగే మూసుకుంటుందని. గొంతు పూడుకుపోయినప్పుడు అదే సీసాలోంచి కొన్ని చుక్కలు మరిగే నీళ్ళలో వేసి ఆవిరి పట్టమంటారు. చుక్క పడగానే నీళ్ళు పాలవుతాయి. చల్లటి పన్నీటిలో వేసినా అంతే. ఫ్రాన్సులో దొరసానులు ఆ తెల్లటి నీళ్ళను మొహానికి రాసుకునేవాళ్ళు.

నీకు హారతి పడుతూనే ఒక మాట చెప్పాలి, కోపం వద్దు. పొగ పొగే. తలుపులు మూసిన గదిలో చంటిపిల్లల మీదికి నిన్ను వదిలితే వాళ్ళ లేత ఊపిరితిత్తులకు మంచిది కాదని పిల్లల డాక్టర్లు గట్టిగానే చెబుతున్నారు. అమ్మమ్మలకు ఇది నచ్చదు. “మిమ్మల్ని పెంచలేదా?” అంటారు. పెంచారు. అప్పటి ఇళ్ళకు పెంకుల సందులుండేవి, వసారాలుండేవి, పొగ తన దారిన తను పోయేది. ఇప్పటి ఫ్లాటులో అది ఎక్కడికి పోతుంది? తల్లి జుట్టు బాల్కనీలో ఆరబెట్టుకుని, బిడ్డను లోపలి గదిలో ఉంచితే నీ మర్యాదకేం లోటు రాదు.

అసలు లోటు వేరే చోట ఉంది. కొట్లో అగ్గిపుల్ల గీసి ముట్టించే కప్పులు వచ్చాయి. బొగ్గుపొడి, రంపపు పొట్టు, సీసాలోంచి పోసిన సువాసన. వాటిలో నువ్వు ఎంత ఉన్నావో అని వెతికితే చాలాసార్లు అట్ట మీది పేరులోనే ఉంటావు. నిప్పులు లేని వంటిళ్ళకు అంతకంటే దారి లేదంటారు. కావచ్చు. కానీ ఆ పొగలో రెండో ఊపిరికి వచ్చే గర లేదు. తీపి మాత్రమే ఉంది. నాకది నచ్చదు.

నీ ఊళ్ళో కష్టం ఇంతకంటే పెద్దది. కాగితపు గుజ్జు పరిశ్రమకు అడవి రాసిచ్చారు. పండుమాన్, సిపితుహుతా అనే రెండు పల్లెలవాళ్ళు తాత ముత్తాతల నుంచి నీ గాట్ల మీద బతికే కొండల్లో నిన్ను కొట్టేసి జామాయిల్ నాటడం మొదలైంది. జామాయిల్ అంటే మాకు చెప్పక్కర్లేదు. మా ప్రకాశం, ఖమ్మం జిల్లాల పొలాల్లోనూ గుజ్జు మిల్లుల కోసం వరసలు వరసలుగా నిలబడ్డ చెట్టే. కొన్నేళ్ళకు నరుకుతారు, లారీకి ఎత్తుతారు, మోడు మళ్ళీ చిగురిస్తుంది. దాంతో ఎవరూ మాట్లాడరు, ఎవరూ దానికి చలిమిడి పెట్టరు. 2009 నుంచి ఆ పల్లెలవాళ్ళు అడ్డం తిరిగారు, ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు, కొందరు అరెస్టయ్యారు. 2016 డిసెంబరు 30న ఇండోనేషియా అధ్యక్షుడు జోకో విడోడో తొమ్మిది ఆదివాసీ సమాజాలకు వాళ్ళ ఆచారపు అడవుల మీద హక్కును గుర్తించినప్పుడు ఈ పల్లెల పేరూ అందులో ఉంది. హద్దులు ఎక్కడిదాకా అన్న కొలతల తగువు మాత్రం ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి సాగింది.

నీ మొలకకు చిన్నతనంలో పెద్దచెట్ల నీడ కావాలి. అందుకే బతక్ రైతులు అడవిని చదును చెయ్యరు. కింది తుప్ప కొట్టి, పైనున్న మహావృక్షాల గొడుగు కింద నిన్ను నాటి, నువ్వు ఎదిగేకొద్దీ ఆ గొడుగును కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. జామాయిల్ వరసల మధ్య పడ్డ నీ గింజకు ఆ నీడ ఎక్కడుంది? నిన్నొక్కదాన్ని మిగిల్చి చుట్టూ ఉన్నదంతా కొట్టుకుంటామంటే ఒప్పుకునే బేరం కాదది. ఆ రెండు పల్లెలవాళ్ళు నీ చెట్లు మాత్రమే కావాలని అడగలేదు, అడవి అడిగారు.